గేటు పడ్డప్పుడు

ఇరవై ఏళ్లుగా సంఘం ఆఫీసులో
మాతో మేమే మాట్లాడుకున్నాం.
డి.ఏ. బకాయిలు, బదిలీలు, పింఛను.
ఫ్యాను కింద అరిచిన అరుపులు
ఆ గదిలోనే తిరిగి తిరిగి చల్లారేవి.
ఈసారి మునిరత్నం సారు లేచాడు:
"బల్ల బయట వేద్దాం.
పిల్లల్ని మనకు అప్పజెప్పినవాళ్లను
ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగామా?"

కూర్చోబెట్టడం ఎక్కడ?
ఈ మద్రాసులో ఎవరు ఆగుతారు?
ఆగేది ఒక్కచోటే,
కొరుక్కుపేట రైల్వే గేటు దగ్గర.

శుక్రవారం సాయంత్రం
ఆరో తరగతి బెంచీ ఒకటి మోసుకొచ్చాం,
కంపాసు ముల్లుతో చెక్కిన పేర్లతో సహా.
అట్టముక్క మీద తెలుగులోనూ తమిళంలోనూ
ఒకటే ప్రశ్న: మన బడికి ఏం కావాలి?
మినిట్స్ పుస్తకం నా ఒళ్లో.

గేటు పడింది.
ఆటోలు, గ్యాసు బండి, బైకుల మీద ముగ్గురేసి.
హార్బరు నుంచి గూడ్సు కదిలొస్తోంది,
దానికేం తొందర?
మమ్మల్ని చూసినవాళ్లు లోను మేళా అనుకున్నారు.
ఒకాయన ఆధార్ కార్డు జిరాక్సు
నా చేతిలో పెట్టేశాడు.

మొదట నోరు విప్పింది గుర్రవమ్మ,
కార్పొరేషన్ ఆకుపచ్చ కోటు, తోపుడు చెత్తబండి.
"మళ్లా సమ్మె కడతారా టీచరమ్మా?"
లేదమ్మా, అడుగుదామనే వచ్చాం.
"పోయిన తూరి మీరు సమ్మె కట్టినప్పుడు
మావోడు నాతోపాటే ఈ బండి తోశాడు.
పదకొండు రోజులు.
ఏడుస్తాడనుకున్నా.
వాడికి బాగుండాదంట.
అదే నాకు…"

గేటు లేచింది.
హారన్లు ఆమె మాటను తొక్కుకుంటూ వెళ్లాయి.
ఆమె కూడా బండి తోసుకుంటూ వెళ్లింది.

పుస్తకంలో "అదే నాకు" అని రాసి ఉంది.
తర్వాత చుక్కలు.
ఆ పదకొండు రోజులూ నేను టెంటు కిందే ఉన్నాను.
నినాదాలు రాసింది నేనే.
ప్రాస బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా.

రెండోసారి గేటు పడ్డప్పుడు
గ్యాసు బండి ఏళుమలై తమిళంలో నిలదీశాడు:
మీ పిల్లలు ఏ బడికి వెళ్తారు సార్?
మాలో ముగ్గురం మంచినీళ్ల సీసా మూతలు తిప్పాం.
మునిరత్నం సారు ఒక్కడే, "ప్రైవేటుకే" అన్నాడు.
రాయమన్నాడు. రాశాను.

మూడోసారి ఎక్స్‌ప్రెస్సు. తొంభై సెకన్లు.
స్కూటీ దిగకుండానే ఒక తల్లి గడగడా చెప్పేసింది:
ఆడపిల్లల దొడ్డికి గొళ్లెం లేదు,
నా కూతురు బడికెళితే నీళ్లే తాగదు,
పెద్ద పెద్ద మాటలు తర్వాత, ముందు గొళ్లెం.

తర్వాత ఇద్దరు మగవాళ్లు,
ఒకరికొకరు తెలియనివాళ్లు,
తెలుగు మీడియం ఉండాలా పోవాలా అని పట్టుకున్నారు.
ఇద్దరూ తెలుగులోనే తిట్టుకున్నారు.
గేటు లేచినా కదల్లేదు.
వెనక బస్సు. బస్సు వెనక పోలీసు.
మా బెంచీని రెండు గజాలు జరపమన్నాడు,
జరిపాక అట్టముక్క చదివాడు,
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

రాత్రి ఆఫీసులో అధ్యక్షులవారు అడిగారు:
తీర్మానం ఏమిటి?
పుస్తకం తిరగేశాను.
సగం వాక్యాలు, రైలు ఎంత పొడవుంటే అంత.
ఇత్తడి గొళ్లెం ఒకటి, మరలతో తొంభై రూపాయలు.
అది పాసైంది, చేతులెత్తి.

గుర్రవమ్మ పేజీ దగ్గర కాసేపు
ఫ్యాను చప్పుడే వినిపించింది.
"ఇది చర్చాంశం కాదేమో" అన్నారెవరో.
కొట్టేయమని మాత్రం ఎవరూ అనలేదు.

మళ్లీ శుక్రవారం.
బెంచీ అదే చోట, రెండు గజాలు ఇవతల.
గేటు పడింది.
ఆకుపచ్చ కోట్లు నాలుగైదు కనిపించాయి,
ఆమె కాదు.
చుక్కల తర్వాత
అరపేజీ ఖాళీ వదిలి కూర్చున్నాను.